మూత పెట్టిన ఊట

పొద్దున్నుంచి ఇది ఆరోసారి. పసిపిల్ల కింద గుడ్డ మార్చి, తడిసిన గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని ఇజ్జా వాకిట్లోకి వచ్చింది. వాకిట్లో అత్త తూదా కూర్చుని బార్లీ చెరుగుతోంది. ఎలా ఉందని అడగడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. గుడ్డ కేసి చూసి ఊరుకుంది. పచ్చటి నీళ్ళు తప్ప అందులో ఇంకేం లేదు.

"కళ్ళు లోపలికి పోయాయత్తా," అంది ఇజ్జా. "ఏడుస్తుంది గానీ కన్నీళ్ళు రావట్లేదు."

"గొంతు ఉంది కదా. ఏడుస్తోందంటే బలం ఉన్నట్టే."

"నిన్న ఇంతకంటే గట్టిగా ఏడ్చింది."

తూదా మళ్ళీ చేట ఎత్తింది. చేటలో బార్లీ ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా చెరుగుతూనే ఉంది.

పిల్ల పేరు తిజీరి. అయిదో నెల. నాలుగో నెలలో తల్లి ఇజ్జాకి జ్వరం తగిలి పాలు ఎండిపోతే, అప్పట్నుంచి డబ్బా పాలే పడుతున్నారు. డబ్బాలో పొడి సంత ఊరి నుంచి వస్తుంది. నీళ్ళు మాత్రం ఇంటి పై కొండలో ఉన్న సొంత ఊటవే. మూడు రోజుల కిందట మొదలయ్యాయి ఈ విరేచనాలు. నిన్న పిల్ల తండ్రి మోహా కంచర గాడిద మీద నాలుగు గంటలు కొండ దిగి, నర్సమ్మని కలిసి, మందు పొడి పాకెట్లు అరడజను పట్టుకొచ్చాడు. పాకెట్టు లీటరు నీళ్ళలో కలిపి చెంచాతో గుక్కగుక్కగా పట్టమంది. ఇప్పటికి రెండు పాకెట్లు అయిపోయాయి. పిల్ల తాగుతోంది, తాగింది తాగినట్టే పోతోంది.

కొళాయి దగ్గర మోహా మూడో పాకెట్టుకి కెటిల్ నింపుతున్నాడు.

"మందు పని చెయ్యట్లేదేమిట్రా?" అంది తూదా.

"చేస్తుందమ్మా. మందు సంగతి ఎలా ఉన్నా, దాంట్లో కలిపే నీళ్ళు ఎలాంటివో చూడు. ఈ నీళ్ళకి చచ్చేవాడు కూడా లేచి కూచుంటాడు."

మోహాకి ఆ ఊటంటే ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. ఏడేళ్ళు పట్నంలో మేస్త్రీల దగ్గర సిమెంటు కలిపి తిరిగొచ్చిన మనిషి. కరెంటు తీగ ఇటువైపు రాదని తెలిసినా కొండ మీద ఇల్లు వదల్లేదు. పైకప్పు మీద సోలారు పలక పెట్టించాడు. ఆ తర్వాత ఊట మీద పడ్డాడు. అట్లాస్ కొండల్లో తాతల నాటి నుంచీ ఆ ఊట రాతి పగుల్లోంచి ఊరి, నేల మీద చిన్న మడుగు కట్టి, అక్కణ్ణుంచి బాదం చెట్ల కిందికి పారేది. మేకలూ మనుషులూ అక్కడే తాగేవాళ్ళు. మోహా దాని చుట్టూ నాలుగు గోడలు కట్టి, మీద ఇనప కడియం ఉన్న పలక మూత వేసి, కింద నుంచి నల్ల గొట్టం లాగి వాకిట్లో కొళాయి పెట్టాడు. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ముందు గ్లాసుడు నీళ్ళు తాగాల్సిందే. టీ ఎవరైనా ఇస్తారు, ఇలాంటి నీళ్ళు ఎవరిస్తారని వాడి వాదన. కట్టక ముందే సీసాలో నీళ్ళు పట్టి పట్నంలో పరీక్ష చేయించి తెచ్చిన కాయితాన్ని, చదవడం రాని ఇంట్లో, అద్దం వేసి గోడకి తగిలించాడు.

ఈ పదిహేను రోజుల్లో నీళ్ళ రుచి కొంచెం తేడాగా ఉందని ఇజ్జా ఒకసారి అంది. "కొత్త సిమెంటు. నెల రోజులు అలాగే ఉంటుంది," అన్నాడు మోహా. వాడికే రెండు రోజులు కడుపు నొప్పి వస్తే పచ్చి అత్తిపళ్ళు తిన్నందుకని సరిపెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఏ తప్పు జరిగినా నీళ్ళని అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు.

తూదా కూడా నీళ్ళని అనలేదు. ఆవిడ భయం వేరే.

ఊటకి సొంతదార్లు ఉంటారు. వాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు, 'వాళ్ళు' అనాలి అంతే. నేల కింద ఉంటారు, నీళ్ళు పంపిస్తారు, వాళ్ళని పట్టించుకోకపోతే పసిపిల్లల మీద చెయ్యి వేస్తారు. తూదా కోడలిగా ఈ ఇంట అడుగుపెట్టిన రోజున అత్తగారు చేసిన మొదటి పని, ఆవిణ్ణి ఊట దగ్గరికి తీసుకెళ్ళి, ఉప్పు వెయ్యని గోధుమ రవ్వ దోసెడు నీళ్ళలో చల్లించడం. ఉప్పంటే వాళ్ళకి గిట్టదు. తర్వాత నలభై ఏళ్ళలో పిల్ల పుట్టినా, మేక ఈనినా, గోడ లేపినా, వాళ్ళ వాటా వాళ్ళకి ఇవ్వకుండా తూదా ఏ పనీ చెయ్యలేదు.

మరి కొడుకు వాళ్ళ నోటి మీదే సిమెంటు పోస్తుంటే చూస్తూ ఊరుకుంటుందా?

పని ముగిసిన శుక్రవారం మేకపోతుని కోసి చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళకి భోజనం పెట్టారు. "కార్జం ఊటకి ఇవ్వాలిరా," అంది తూదా. "అమ్మా, అది ఇప్పుడు ఊట కాదు, ట్యాంకు. ట్యాంకు కార్జం తింటుందా?" అని మోహా నవ్వాడు, వచ్చిన వాళ్ళూ నవ్వారు. తూదా నవ్వలేదు. అందరూ పుదీనా టీ తాగుతుండగా కార్జాన్ని కొవ్వు పొరలో చుట్టి, కొంగులో దాచి, పైకి వెళ్ళింది. మూత ఇంకా వెయ్యలేదు. మూలన రాతి పగులు పక్కనే, కొట్టుకుపోకుండా పలక రాయి కింద అదిమి పెట్టింది. సాయంత్రం మోహా వచ్చి మూత వేసి, చుట్టూ బంకమట్టి మెత్తాడు. ఆవిడకి ప్రాణం కుదుటపడింది.

ఆ తర్వాత పన్నెండో రోజున పిల్ల జబ్బు పడింది.

ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకి తూదా ఆడపడుచు రాబ్హా వచ్చింది. అవతలి వాలులో ఉంటుంది. ఎవరింట్లో జబ్బు వచ్చినా ముందు వచ్చేదీ, అందరికంటే ఆఖరున పోయేదీ ఆవిడే. పిల్లని చూసి పెదవి విరిచింది. తూదాని పక్కకి లాగింది.

"వదినా, ఇది కడుపు జబ్బు కాదు."

"మరేంటి?"

"నాకు తెలుసు, నీకూ తెలుసు. వాళ్ళ వాటా ఇచ్చారా లేదా?"

"ఇచ్చాను. నా చేతులతో ఇచ్చాను."

"ఏమిచ్చావు?"

"కార్జం."

"ఉప్పు తగల్లేదు కదా?"

తూదా ఆ రోజుని తలుచుకుంది. ఆ రోజు కార్జాన్ని తీసింది పెద్ద పళ్ళెంలోంచి. అదే పళ్ళెంలో అంతకు ముందే ఇజ్జా మాంసానికి ఉప్పు రాసింది. కార్జం పళ్ళెం అంచున ఉందా, మధ్యలో ఉందా? తుడిచిందా, తుడవలేదా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"తగిలే ఉంటుంది," అంది తూదా.

"అయ్యో నీ మొహం మండ! తగిలిందని తెలిసి పెట్టావా?"

"తెలిసి ఎవరైనా పెడతారా? నాకేమైనా పిచ్చా?"

"అయితే పోయి తియ్యి. తీసేసి మంచిది పెట్టు. ఇవాళే పెట్టు. మోహాకి చెప్పకు, వాడు మళ్ళీ పళ్ళు ఇకిలిస్తాడు."

అంతే, తూదాకి కాళ్ళు నిలవలేదు. పెరట్లో తిరుగుతున్న పుంజుని పట్టి కోసింది. పిల్లకి చారు కాస్తున్నానని ఇజ్జాతో అబద్ధం చెప్పింది. చెయ్యి మూడుసార్లు కడుక్కుని, ఉప్పు గిన్నె ఉన్న గదిలోకి కాలు కూడా పెట్టకుండా, కోడి కార్జాన్ని అంజూరపు ఆకులో చుట్టుకుంది. గోడకి ఆనించి ఉన్న గడ్డపార తీసుకుంది. లోపల ఏడుపు వినిపించింది. ఏడుపు కూడా కాదు, పిల్లి కూతలాంటి సన్నటి మూలుగు. ఆ మూలుగు చెవిలో పెట్టుకునే కొండెక్కింది.

దారంతా ఆవిడ వాళ్ళతోనే మాట్లాడింది. తప్పు నాది. కోపముంటే నా మీద చూపించండి, నా నడుం విరవండి, నా కళ్ళు తీసుకోండి. అయిదు నెలల పిల్ల మీకేం చేసింది? ఒక్క పూట ఓపిక పట్టండి. వస్తున్నాను, మంచిది తెస్తున్నాను. మోకాళ్ళు పీకుతున్నా ఆగలేదు. ఆగితే వాళ్ళు దాన్ని కూడా తప్పు పడతారేమోనని భయం.

ఊట దగ్గర గాలి చల్లగా ఉంది. సిమెంటు పెట్టె తెల్లగా, కొత్త సమాధిలా కనిపించింది. బిస్మిల్లా అనుకుని బంకమట్టి గీకింది. కడియంలో గడ్డపార దూర్చి బలంకొద్దీ నెట్టింది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి పలక జానెడు జరిగింది.

ముందు వాసన వచ్చింది.

తూదా వెనక్కి తూలి ముక్కు మూసుకుంది. నలభై ఏళ్ళుగా మాంసం కోసి, ఎండబెట్టి, దాచి, చెడిపోయింది కుక్కలకి వేసిన మనిషి ఆవిడ. ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. పలకని ఇంకా నెట్టి లోపలికి వంగింది. రాయి కింద పెట్టింది పెట్టినట్టే ఉంది. కొవ్వు పొర విడిపోయి, కార్జం బూడిద రంగుకి తిరిగి, ఉబ్బి, చివర్లు దారాల్లా విచ్చుకున్నాయి. ఆ దారాలు నీళ్ళలో మెల్లగా ఊగుతూ ఒకే వైపుకి వెళ్తున్నాయి.

"తినలేదు," అనుకుంది మొదట. "ఉప్పని తినలేదు."

ఆ తర్వాత ఆ దారాలు ఎటు వెళ్తున్నాయో చూసింది. గోడకి అడుగున నల్ల గొట్టం నోరు ఉంది. జిగురు దాని అంచున తెల్లగా పేరుకుంది. వెనకటి రోజుల్లో ఏది వేసినా నీళ్ళు మోసుకుపోయేవి. రవ్వయితే చేపపిల్లలు, మాంసమయితే నక్కలు, పూటలో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు నాలుగు గోడలు, మీద మూత. ఏదీ ఎక్కడికీ పోలేదు. పోయేది ఒక్క చోటికే, గొట్టంలోంచి వాకిట్లోకి, కొళాయిలోంచి కెటిల్లోకి, కెటిల్లోంచి పాల సీసాలోకి.

పదిహేను రోజులు. రోజుకి ఆరు సీసాలు. నిన్నటి నుంచి మందు కూడా అందులోనే.

తూదాకి పై ప్రాణాలు పైనే పోయాయి. కిందికి చూసింది. వాకిలి అరచేతంత కనిపిస్తోంది. కొళాయి దగ్గర ఎర్ర తలగుడ్డ వంగి ఉంది. ఇజ్జా మళ్ళీ నీళ్ళు పడుతోంది.

"వద్దు! ఇజ్జా! పట్టొద్దు! ఒసే పిల్లా, పట్టొద్దే!"

గాలి ఎదురు. ఎంత అరిచినా ఎర్ర తలగుడ్డ తల ఎత్తలేదు. తూదా తలగుడ్డ లాగి ఉండ చుట్టింది. పెట్టె అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టింది. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. జిగురు వేళ్ళకి తగిలింది. గొట్టం నోటిని వెతికి పట్టుకుని, గుడ్డని కుక్కి, బొటనవేలితో ఇంకా లోపలికి కుక్కింది. లాగే నీళ్ళు ఆగిపోయాయి. లేచి చూస్తే ఇజ్జా వెళ్ళిపోతోంది, చేతిలో కెటిల్‌తో. నిండిందో లేదో ఇక్కణ్ణుంచి తెలియదు. గొట్టంలో మిగిలిన నీళ్ళకే కెటిల్ నిండిపోతుంది.

అప్పుడు పరిగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒట్టి తలతో, తడి చేత్తో, జారుతూ లేస్తూ పరిగెత్తింది. కోడి కార్జం ఎక్కడ పడిపోయిందో చూసుకోలేదు.

సగం దారిలో మోహా ఎదురొచ్చాడు. వాడు మండిపడుతూ వస్తున్నాడు. "కొళాయి ఆగిపోయింది! ఏ వెధవ మేకల్ని తోలుకెళ్ళాడో..." అంటూ తల్లిని చూసి ఆగిపోయాడు. తండ్రి శవాన్ని ఎత్తిన రోజున తప్ప తల్లిని ఒట్టి తలతో వాడెప్పుడూ చూడలేదు.

"ఏమైందమ్మా? ఎవరేం చేశారు?"

"నేనేరా. నేనే ఆపాను. పిల్లకి ఆ నీళ్ళు పట్టొద్దని చెప్పు, ముందు నువ్వు పరిగెత్తు."

"ఏ నీళ్ళు?"

"మన నీళ్ళురా! కార్జం లోపల పెట్టాను. నువ్వు మూత వెయ్యక ముందు. కుళ్ళిపోయింది. మోహా, అది కుళ్ళిపోయింది, అదే పిల్ల తాగుతోంది."

మోహా కదల్లేదు. మొహంలో కోపం వస్తుందని, తిడతాడని, చెయ్యి ఎత్తినా ఎత్తుతాడని తూదా ఎదురుచూసింది. అదేమీ రాలేదు. వాడి మొహంలో రంగు పోయింది. వెనక్కి తిరిగి పరుగు తీశాడు.

వాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు వాకిట్లో పడేసరికి ఇజ్జా పిల్లని ఒళ్ళో వేసుకుని సీసా పెదాల దగ్గర పెడుతోంది. మోహా కంటే ముందు తూదాయే సీసాని లాగేసింది. సీసా రాతి మీద పడి దొర్లింది.

"అత్తా! మతి పోయిందా నీకు?"

తూదా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా, తనని తాను వెనకేసుకు రాకుండా చెప్పింది. కార్జం, పళ్ళెం, పలక రాయి, దారాలు, గొట్టం. గోడ పక్కన నిలబడ్డ రాబ్హా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇజ్జా అంతా విని, అత్త వైపు కాకుండా మొగుడి వైపు తిరిగింది.

"నర్సమ్మ నీళ్ళ సంగతి ఏం చెప్పింది?"

మోహా నేల చూపులు చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. మందు ఎలా కలపమంది?"

"కాచి చల్లార్చిన నీళ్ళలో కలపమంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మన నీళ్ళని కాచడమేంటని... అవి పట్నం నీళ్ళకి చెప్పే మాటలు ఇజ్జా, మన ఊటకి..."

"నేను మూడు రోజులుగా అడుగుతున్నాను. కాచనా, కాచనా అని అడిగాను. నువ్వేమన్నావు? ఈ నీళ్ళని కాస్తే కొండకే అవమానం అన్నావు. అత్తా, నువ్వేమన్నావు? కాస్తే నీళ్ళలో జీవం పోతుందన్నావు. నా పిల్లలో జీవం పోతోంది!"

నాలుగేళ్ళ కాపురంలో ఇజ్జా గొంతు ఆ ఇంటి గోడ దాటి వినిపించడం అదే మొదలు. తూదా ఆ మాటలకి తల వంచుకుని నిలబడింది. ప్రతి ముక్కా నిజమే. మొదటి సీసా నుంచీ ఈ ఇంట్లో భయపడాల్సిన దానికి భయపడింది ఇజ్జా ఒక్కతే.

ఇజ్జా అప్పటికే పిల్లని వీపున కట్టుకుంటోంది. "గాడిదకి గంత వెయ్యి," అంది మొగుడితో. రాబ్హా తన ఇంటి ఊట నీళ్ళు తెస్తానంటే, "ఎవరి ఊట నీళ్ళూ వద్దు. నర్సమ్మ ఇచ్చిందే తాగుతుంది," అంది. తూదా ముసుగు లేని తలతోనే కళ్ళెం పట్టుకోబోయింది.

"నేనూ వస్తానమ్మా."

"వద్దత్తా. నువ్వు నీ ఊట దగ్గర ఉండు."

తిట్టినట్టు అనలేదు. మామూలుగా అంది. అందుకే తూదా చెయ్యి కళ్ళెం మీంచి జారిపోయింది.

గాడిద మలుపు తిరిగే దాకా చూసి, తూదా మళ్ళీ కొండెక్కింది. ఇంట్లో కూర్చుంటే ఉయ్యాల గుడ్డ కనిపిస్తోంది, పాల డబ్బా కనిపిస్తోంది. చేతులకి ఏదో పని కావాలి, ఆ పెట్టెతోనే తేల్చుకోవాలి. కార్జాన్ని చేతులతో ఎత్తి దూరంగా గొయ్యి తీసి పాతింది. చెంబుతో నీళ్ళు తోడి బయట పోసింది. ఇసకతో గోడలు రుద్దింది, బూడిద పోసి మళ్ళీ రుద్దింది. గోళ్ళ కింద నెత్తురు వచ్చింది. పగుల్లోంచి ఊట ఊరుతూనే ఉంది, మళ్ళీ నింపుతూనే ఉంది, మళ్ళీ తోడింది. గొట్టంలో కుక్కిన గుడ్డ లాగేసి, కొళాయి వైపు నుంచి గొట్టాన్ని విప్పి నీళ్ళు ధారగా పోనిచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటి నుంచి చేసింది. కింది నుంచి ఎవరూ రాలేదు, కబురూ రాలేదు. మోహా ఫోను శిఖరం దాటాక తప్ప పలకదు, తూదాకి ఫోనే లేదు. కొండ కింద ఏ గాడిద ఓండ్ర పెట్టినా చేతిలో చెంబు ఆగిపోయేది. మంచి కబురయితే త్వరగా వచ్చేది, ఆలస్యమవుతోందంటే అది మంచిది కాదేమో అనుకునేది. వెంటనే ఆ మాట మనసులో కూడా అనుకోకూడదని తల విదిలించుకునేది.

రెండో రోజు రాబ్హా ఎక్కి వచ్చింది. ఖాళీ అయిన మూల చూసి గుండెలు బాదుకుంది.

"తీసి ఊరుకున్నావా వదినా? వేరేది పెట్టలేదా? వాళ్ళకి ఇంకా కోపం వస్తుంది!"

"వాళ్ళు ముట్టుకోలేదు రాబ్హా. నేను చూశాను, పెట్టింది పెట్టినట్టే ఉంది. తింది నా మనవరాలు."

రాబ్హా చేతులు పైకి మడిచి, తనూ ఇసక తీసుకుంది. ఇద్దరూ మూత వేసి దిగే వేళకి పొద్దు వాలింది.

మూడో రోజు మధ్యాహ్నం గాడిద మెడలో గంట వినిపించింది. తూదా పొయ్యి దగ్గర ఉంది. పొద్దున్నే నీళ్ళు పట్టి, తెర్లేలా కాచి, ఆగి, మళ్ళీ కాచి, చల్లార్చి, మూతికి తెల్లటి గుడ్డ కట్టి పెట్టింది. అలా చెయ్యమని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. లేచి వాకిట్లోకి వచ్చింది గానీ ఎదురెళ్ళలేదు. మలుపులో ముందు మోహా కనిపించాడు, కళ్ళెం పట్టుకుని. తర్వాత గాడిద. గాడిద మీద ఇజ్జా. ఇజ్జా వీపున గుడ్డ కట్టి ఉంది. గుడ్డలో ఏముందో మాత్రం ఇటు నుంచి కనపడదు. ఉత్త గుడ్డ కూడా వీపున కట్టుకోవచ్చు. తూదా గోడ పట్టుకుంది.

మోహా దగ్గరికి వచ్చి, "బతికిందమ్మా," అన్నాడు. "రెండు రోజులు చేతికి సూది పెట్టి నీళ్ళెక్కించారు. ఇంకొక పూట ఆగి ఉంటే..." అని మిగతాది మింగేశాడు.

గుడ్డలోంచి ఓ ఏడుపు లేచింది. గట్టిగా, కోపంగా, ఆకలిగా. తూదా పిల్ల మొహం చూడబోయి, ఇజ్జా మొహం చూసి ఆగింది. ఇజ్జా గాడిద దిగి, పిల్లని ముందుకి తిప్పుకుని, అరుగు మీద కూర్చుంది. సంచీలోంచి ఖాళీ పాల సీసా తీసింది. సంచీలో సంత ఊరి నుంచి కొనుక్కొచ్చిన నీళ్ళ సీసాలు నాలుగు ఉన్నాయి.

తూదా లోపలికి వెళ్ళి కెటిల్, గ్లాసు తెచ్చింది. గుడ్డ విప్పి గ్లాసు నింపింది.

"రెండుసార్లు కాచానమ్మా. పెట్టె అంతా తోమాను. రాబ్హా కూడా చూసింది. గొట్టం రెండు రోజులు వదిలేశాను. ఇందులో ఏమీ లేదు."

ఇజ్జా గ్లాసు అందుకుంది. ఎండకి ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. మోహా ఏదో అనబోతే కళ్ళతోనే ఆపింది. గ్లాసుని తిరిగి అత్త ముందుకి చాపింది.

"ముందు నువ్వు తాగత్తా."

తూదా తాగింది. మొత్తం, అడుగు దాకా. కాచిన నీళ్ళు చప్పగా ఉన్నాయి. తన ఊట రుచి అందులో లేదు. గ్లాసు కింద పెట్టి కోడలి మొహం కేసి చూసింది.

ఇజ్జా కొనుక్కొచ్చిన నీళ్ళ సీసా మూత తిప్పి పాల పొడి కలుపుతోంది. "రేపు ఈ వేళ దాకా చూద్దాం," అంది తల ఎత్తకుండానే. "నీకేమీ కాకపోతే అప్పుడు దీనికి పడతాను."

"ఒసే, మా అమ్మ..." అని మోహా లేచాడు.

"నువ్వు నోరు ముయ్యరా," అంది తూదా. "అది చెప్పిందే సరి."

గ్లాసు మళ్ళీ నింపింది. ఒక్క గ్లాసుతో ఏం తెలుస్తుందనిపించింది. పిల్ల సీసా పట్టుకుని చప్పరిస్తుంటే చూస్తూ, రెండో గ్లాసు కూడా తాగింది.